బోర్లించిన పళ్లెం

మా అమ్మ తన పళ్లెం తనే కడుక్కుంటుంది. అందులో విశేషమేముంది, ఎంతమంది అమ్మలు అలా చేయరు అంటారేమో. మా అమ్మ కడగడం వేరు. ఆఖరి ముద్ద నోట్లో పడగానే, ఇంకొకరి చేయి తగలకముందే, పళ్లెమూ గ్లాసూ పట్టుకుని పెరట్లోకి పోతుంది. మసి లేకపోయినా మట్టితో తోముతుంది. కడిగి పెరటిగోడ మీద బోర్లిస్తుంది. వంటింట్లో గిన్నెల స్టాండు ఖాళీగానే ఉంటుంది, అందులో మాత్రం పెట్టదు. మళ్లీ పూటకు ఆ గోడ మీద నుంచే తెచ్చుకుంటుంది.

అమ్మ పేరు బాలనర్సమ్మ. పొట్టిలంగా కట్టే వయసు నుంచి ఊళ్లో దొర ఇంటికి పనికి పోయింది. ఆ ఇంటి దొడ్డిగోడ మీద ఆమెకో పళ్లెం, ఓ గ్లాసు వేరుగా ఉండేవి. పైనుంచి వంచి పోస్తే తాగాలి, పైనుంచి వేస్తే తినాలి. తిన్నాక తనే తోమి అక్కడే బోర్లించాలి. ఆ ఇంట్లో ఇంకెవరూ వాటిని ముట్టరు. దొర పోయాడు, ఆ ఇల్లు కూలింది, ఆ గోడ ఉన్నచోట ఇప్పుడు ఎరువుల దుకాణం ఉంది. అమ్మ చేతికి మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

నేను మెర్సీని. మిషన్ దవాఖానలో పుట్టానని అక్కడి సిస్టర్ పెట్టిన పేరు. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వార్డులో డాక్టర్లు కూడా నన్ను చూసి గొంతు తగ్గించుకుంటారు. అలాంటిదాన్ని, మా అమ్మ పళ్లెం దగ్గర మాత్రం ఓడిపోతూనే ఉన్నాను.

"ఇది మన ఇల్లమ్మా. నువ్వు తిని లే. నేను కడుగుత" అంటాను.

"నా చేయి ఊకుండది బిడ్డా" అంటుంది. అంతటితో ఆ మాట ముగుస్తుంది.

మొన్న అమ్మకు కళ్ల ఆపరేషన్ అయింది. పట్టీలు విప్పిన రోజు, "ఇగ ఏం జూస్తవమ్మా?" అని నవ్వుతూ అడిగాను. పెద్దగా ఆలోచించలేదు.

"కిష్ణ నీళ్లు జూడాలె" అంది. "పెండ్లికి ముందు డ్యాం పనులల్ల మట్టి మోసిన. పని కాంగనె తోలేసిన్రు. నీళ్లు నిండినంక ఎట్లుంటదో జూడనే లేదు."

నా భర్త దశరథ్ కరెంటు ఆఫీసులో పని చేస్తాడు. నాకు ఎంత కోపమో అతనికి అంత నిదానం. దసరా సెలవుల రద్దీ తగ్గాక, కొల్లాపూర్ దాటి కృష్ణ ఒడ్డున కొత్తగా కట్టిన రిసార్టులో నీళ్ల వైపు గది తీసుకున్నాడు. "అత్తమ్మ మంచం మీద కూసుండే నీళ్లు జూస్తది" అన్నాడు. నా మనసులో ఇంకో కోరిక ఉంది, దాన్ని పైకి అనలేదు. అమ్మ ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క పూట, ఎవరో వడ్డిస్తే తిని, పళ్లెం అక్కడే వదిలేసి లేవాలి. డబ్బు పెట్టి అతిథిగా పోతున్నాం, అక్కడైనా ఆ చేయి ఊరుకుంటుందనుకున్నాను.

వెళ్లగానే బంతిపూల దండలు వేశారు. నుదుట బొట్టు పెట్టి, చల్లని మజ్జిగ ఇచ్చారు. మేనేజర్ సురేశ్ పట్టుపంచె కట్టుకుని గడపలోనే నిలబడి ఉన్నాడు. పాతికేళ్లు దాటిన పిల్లవాడు, మాట మెత్తన. "రాండ్రి అమ్మా, దయచేయుండ్రి. ఇది మీ ఇల్లే అనుకోండ్రి" అని అమ్మ చేతిలోని సంచి తనే అందుకున్నాడు. అమ్మ కంగారుపడి రెండు చేతులూ జోడించింది. "వద్దు సారూ, నేను మోస్త" అంది. అతను వినలేదు. నాకు ఆ పిల్లవాడు భలే నచ్చాడు.

గదిలోకి పోగానే అమ్మ వరండాలోకి నడిచింది. ఎదురుగా కొండల దాకా నీళ్లే. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని మళ్లీ చూసింది.

"గిన్ని నీళ్లా బిడ్డా!" అంది. "గీ నీళ్లను ఆపిన కట్టల నేను మోసిన మట్టి ఉన్నది."

చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు చూసి దశరథ్ నా వైపు గర్వంగా చూశాడు. మొక్కు తీరినట్టే అనిపించింది.

చీకటి పడుతుండగా భోజనానికి పిలిచారు. ఆ రిసార్టు గొప్పంతా భోజనశాలలోనే ఉందట. వాకిట్లో 'దొరవారి భోజనశాల' అని చెక్క మీద చెక్కించారు. లోపల దొరలుండే పాత గడిలాగే నల్ల స్తంభాలు, ఉయ్యాల బల్ల, గోడకు ఆనించిన పల్లకి. వరసగా పీటలు, పీటల ముందు చిన్న బల్లలు, వాటి మీద తళతళలాడే కంచు పళ్లాలు, కంచు గ్లాసులు. హైదరాబాద్ నుంచి వచ్చిన కుటుంబాలు ఆ పల్లకి పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నాయి.

అమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. చెప్పులు వాకిలి బయటే విడిచి, గడపకు ఆనుకుని ఉన్న చివరి పీట మీద ముడుచుకుని కూర్చుంది. లోపలికి రమ్మంటే "ఈడ గాలొస్తది" అంది. ఆ స్తంభాలనూ ఆ పల్లకినీ ఆమె ఎలా చూసిందో నాకు అప్పుడే అర్థం కావాల్సింది. మాకు అది సెలవుల సరదా. ఆమెకు అది పని చేసిన ఇల్లు.

జొన్నరొట్టె, పుంటికూర పప్పు, నాటుకోడి కూర, పచ్చిపులుసు. రమ అనే ఆవిడ వడ్డించింది. మా అమ్మ కంటే చిన్నది, నాకంటే పెద్దది. "ఇంకొంచెం ఏస్కో అవ్వా" అని బతిమాలి మరీ పెట్టింది. అమ్మ ఇష్టంగా తింది. నేను చేయి కడుక్కోవడానికి లేచి, తిరిగి వచ్చేసరికి పీట మీద అమ్మ లేదు. బల్ల మీద పళ్లెం లేదు.

పెరటివైపు పరుగెత్తాను. కుళాయి కింద గొంతుక్కూర్చుని, మట్టి తీసుకుని, ఆ కంచు పళ్లాన్ని తోముతోంది అమ్మ. చేతులు చకచకా తిరుగుతున్నాయి. ఆ వయసులో ఆ చేతులకు అంత వేగం ఎక్కడిదో!

"అమ్మా! ఏం జేస్తున్నవ్?"

"అయిపాయె బిడ్డా, అయిపాయె" అంటూనే కడిగి, పిట్టగోడ మీద పళ్లెం బోర్లించింది. పక్కన గ్లాసు బోర్లించింది. దొంగతనం చేస్తూ దొరికినట్టు నావైపు చూసింది. నాకు కోపం రాలేదు, వంగి కుళాయి కట్టేశాను.

వెనక్కి తిరిగితే పెరటి గుమ్మంలో సురేశ్ నిలబడి ఉన్నాడు. అతని పక్కన, మా ఎదురు వరసలో తిన్న ఎర్ర పట్టుచీర పెద్దావిడ. ఇద్దరూ ఆ గోడ వైపే చూస్తున్నారు. సురేశ్ ముఖంలో నవ్వు అలాగే ఉంది.

"అమ్మది ఏ ఊరు మేడం?"

ఊరి పేరు చెప్పాను.

"మాకు దగ్గరూరే. ఊళ్లె ఏ దిక్కు ఇల్లు?"

ఆ ప్రశ్నకు అర్థం మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేను నోరు తెరిచేలోగానే అమ్మ చేతులు జోడించి జవాబిచ్చేసింది. "ఊరికి దూరం సారూ. వాగవతల, మా వాడల."

"మంచిది, మంచిది" అన్నాడు సురేశ్. పెద్దావిడ కొంగు దగ్గరికి లాక్కుని లోపలికి వెళ్లిపోయింది.

తెల్లవారి అమ్మ మాకంటే ముందే లేచి వరండాలో కూర్చుంది. నీళ్ల మీద పడవలు పోతుంటే చూసి మురిసిపోయింది. రాత్రి సంగతి ఎత్తవద్దని దశరథ్ నాకు సైగ చేశాడు. సరే అనుకుని, టిఫిన్‌కు ముగ్గురం భోజనశాలకు పోయాం.

సురేశ్ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"మీకు అటుదిక్కు ఏర్పాటు చేసినం మేడం. లోపల రష్‌గున్నది."

ఆ తర్వాత అమ్మ వైపు తిరిగాడు. "గటు పో అవ్వా."

నిన్న దయచేయమన్న నోరే ఇది. ఒక్క రాత్రిలో మా అమ్మ ఆ ఇంటికి అతిథి కాకుండా పోయింది. అమ్మ అప్పటికే అతను చూపిన వైపు నడుస్తోంది, చెప్పగానే నడవడం ఆమెకు అలవాటు. మేం వెనక పోయాం. కార్లు నిలిపేచోట రేకుల షెడ్డు, దాని కింద ప్లాస్టిక్ కుర్చీలు. అతిథులను తెచ్చిన డ్రైవర్లు అక్కడ తింటున్నారు. వాళ్ల పక్కన తినడానికి నాకేం నామోషీ లేదు, మా నాయిన లారీ క్లీనరే. కానీ మేం ఆ గదికి వచ్చిన అతిథులం. కిటికీలోంచి లోపలి పీటలు కనిపిస్తున్నాయి. సగానికి పైగా ఖాళీ.

రమ మూడు కాగితం ప్లేట్లలో ఉప్మా తెచ్చింది. తల ఎత్తడం లేదు.

"లోపల కంచు తలెలు, ఈడ కాగితాలు ఎందుకు?" అని అడిగాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"కంచువి తక్కువ పడ్డయని చెప్పుమన్నరమ్మా." రమ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నేను చెప్పిన్నని అనకుండ్రి. రాత్రి గా ఎర్రచీరామె లొల్లి చేసింది. వాళ్లు తిన్న తలెలల్ల మేము తినాల్నా అని. అవ్వ తిన్న తలె ఎవ్వరు ముట్టొద్దు, గోడ మీదనే ఉండనీ, మల్ల పారేస్తమన్నడు సారు."

ముగ్గురం ఒకేసారి పెరటి వైపు తిరిగాం. షెడ్డు కిందినుంచి ఆ పిట్టగోడ చక్కగా కనిపిస్తోంది. రాత్రి అమ్మ బోర్లించిన పళ్లెం, పక్కన గ్లాసు, ఎలా పెట్టినవి అలాగే ఉన్నాయి. ఎవరూ లోపలికి తీసుకుపోలేదు. కంచు మీద ఎండ పడి మెరుస్తోంది.

నాకు ఒళ్లంతా మండింది. కుర్చీ తన్ని లేచాను. "ఎక్కడున్నడు వాడు?" అని అరిచాను. డ్రైవర్లు తినడం ఆపి చూశారు. దశరథ్ కూడా లేచాడు. అతని నిదానం ఎక్కడికి పోయిందో, ఫోన్ తీసి ముందు ఆ కాగితం ప్లేట్లనూ, తర్వాత కిటికీలోంచి లోపలి కంచు పళ్లాలనూ వీడియో తీశాడు. "పోలీస్ స్టేషన్‌కు పోదాం పా. దీనికి చట్టముంది" అన్నాడు.

అమ్మ మాత్రం కూర్చునే ఉంది. మా మాటలు వింటున్నట్టు లేదు. ఆ గోడ వైపు చూస్తోంది. కొత్తగా వచ్చిన చూపుతో, తన పళ్లెం గోడ మీద ఎలా ఉంటుందో దూరం నుంచి మొదటిసారి చూస్తోంది. ఇన్నేళ్లూ బోర్లించి పోయింది తప్ప, ఇలా ఆగి చూసింది ఎప్పుడని?

"టేషన్‌కు మల్ల పోదాం" అంది చివరికి. "నాకు ఆకలైతాంది. ముందు తినాలె."

ఇక్కడా, ఈ కాగితంలోనా అని నేను అడగబోయాను. అమ్మ లేచి పెరట్లోకి నడిచింది. గోడ మీది పళ్లెం తీసుకుంది, గ్లాసు తీసుకుంది. కొంగుతో రెండూ తుడుచుకుంది. వాకిలి బయట చెప్పులు విడిచి, ముందు గుమ్మంలోంచే భోజనశాలలోకి పోయింది. మేం వెనకే పరుగెత్తాం. గడప దగ్గరి పీట దాటింది. ఉయ్యాల బల్ల దాటింది. నట్టనడుమ వరసలో, పల్లకికి ఎదురుగా ఉన్న పీట మీద కూర్చుని, బల్ల మీద తన పళ్లెం పెట్టుకుంది.

ఎర్రచీర పెద్దావిడ ఈరోజు పసుపు చీరలో ఉంది. తినేది వదిలేసి విసురుగా లేచి పోయింది. మిగతావాళ్లు తలలు వంచుకుని తమ పళ్లాల్లోకి చూసుకున్నారు. ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పలేదు. వాళ్ల మీద కూడా నాకు ఇప్పటికీ కోపమే.

సురేశ్ దాదాపు పరుగెత్తుకొచ్చాడు. "అవ్వా, నీకు బయట..." అని మొదలుపెట్టి, దశరథ్ చేతిలోని ఫోన్ చూసి ఆగాడు.

"పెట్టుమను" అంది అమ్మ.

రమ సురేశ్ అనుమతి కోసం చూడలేదు. ఉప్మా తెచ్చి పెట్టింది, గారెలు తెచ్చి పెట్టింది, వద్దంటున్నా అల్లం పచ్చడి వేసింది. అమ్మ తొందరపడలేదు. నేను ఆమె ఎదురుగా నిలబడి చూస్తున్నాను. తినడం పెద్ద సంగతి కాదు. తిన్నాక ఏం చేస్తుందన్నదే నా భయం. ఇంతమంది ముందు మళ్లీ ఆ పళ్లెం పట్టుకుని కుళాయి దగ్గరికి పోతే, ఈ నట్టనడుమ కూర్చోవడం అంతా వృథా.

ఆఖరి ముద్ద అయిపోయింది. నీళ్లు తాగింది. లేస్తుంటే ఆమె కుడిచేయి తనంతట తనే పళ్లెం అంచు దాకా పోయింది. వేళ్లు అంచును పట్టుకున్నాయి. ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని, మెల్లగా వెనక్కి తీసుకుంది అమ్మ.

లేచి నిలబడి సురేశ్ వైపు చూసింది.

"తియ్యి."

"రమా, వచ్చి తియ్యి" అన్నాడు సురేశ్ గబగబా.

"రమ కాదు. రమ తీస్తది, నాకు ఎరుకే. నువ్వు తియ్యి కొడుకా."

నిన్నంతా సారూ సారూ అన్న మనిషి. గొంతు పెంచలేదు, తిట్టలేదు. ఊళ్లో ఎవరి పిల్లవాడికైనా పని చెప్పినట్టు చెప్పింది. సురేశ్ ముఖం ఎర్రబడింది. అటు అతిథుల వైపు చూశాడు, ఇటు దశరథ్ ఫోన్ వైపు చూశాడు. మనసు మారి తీశాడని నేను అనను. ఫోన్‌కు భయపడే తీశాడు, ఆ సంగతి నాకూ తెలుసు, అమ్మకూ తెలుసు. రెండు వేళ్లతో, అంచు కొసన పట్టుకుని, ఒంటికి దూరంగా పైకెత్తాడు. పళ్లెం పక్కకు ఒరిగింది.

"రెండు చేతులతోటి పట్టు కొడుకా" అంది అమ్మ. "జారి పడ్తది."

సురేశ్ రెండో చేయి కూడా వేశాడు. ఆ పళ్లెం మోసుకుంటూ పెరటి గుమ్మం దాటేదాకా అమ్మ అక్కడే నిలబడి చూసింది. ఆ తర్వాత వాకిలి బయట విడిచిన చెప్పులు వేసుకుని మాతో కారు దాకా నడిచింది.

కారులో కూర్చున్నాక అమ్మ నా చేయి గట్టిగా పట్టుకుని ఏడ్చింది. "నా పానం పోతదనుకున్న బిడ్డా" అంది. నేనూ ఏడ్చాను. దశరథ్ కారు పక్కకు ఆపి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని మేం ఏడవడం అయ్యేదాకా అలాగే కూర్చున్నాడు. వస్తూ వస్తూ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాం. ఆ కేసు ఇంకా నడుస్తోంది, వాయిదాలకు మేమే తిరుగుతున్నాం.

ఇల్లు చేరాక వేడివేడిగా అన్నం వండాను. ముగ్గురం తిన్నాం. తినగానే అమ్మ పళ్లెమూ గ్లాసూ పట్టుకుని లేచింది.

"మల్ల అదేనా అమ్మా! గాడ అంత జేసొచ్చి ఈడ మల్ల గదేనా? ఈడ పెట్టు, నేను కడుగుత."

"ఊకో" అంది అమ్మ. "గిది నా బిడ్డ ఇల్లు. నా ఇంట్ల నా తలె నేను కడుక్కుంట, నీకెందుకు?"

పెరట్లోకి పోలేదు. వంటింటి సింకులోనే కడిగింది. నా పళ్లెమూ దశరథ్ పళ్లెమూ కూడా తీసుకుని కడిగింది. మూడూ తుడిచి, గిన్నెల స్టాండులో ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టింది. తెల్లవారి టీ పెట్టడానికి లేచి చూస్తే, వాటిలో అమ్మ పళ్లెం ఏదో నాకు తెలియలేదు.